కప్పిన మూల

ఆఫీసులో అందరూ ఆమెను లెక్కలమ్మాయి అనే పిలిచేవారు. లిఫ్టు ఎక్కినవాళ్ళ బరువులు చూపుతోనే కూడేసి, "ఇంకొక్కరు ఎక్కితే గంట మోగుతుంది చూడండి" అనేది. మోగేది. చేరి మూడు నెలలే అయినా, ఎవరూ అడగకముందే పని వెతుక్కుని మీద వేసుకునే రకం.

ఆ కంపెనీ పసిపిల్లల గదుల్లో పెట్టే కెమెరాలు తయారుచేస్తుంది. పాప లోపల పడుకుని ఉంటే, తల్లి వంటింట్లో పని చేసుకుంటూ ఫోన్‌లో చూసుకోవచ్చు. అలాంటి కెమెరాలో చిన్న పొరపాటున్నా పెద్ద ప్రమాదమే కదా! అందుకని మూడో అంతస్తు చివర ఇంటి గదిలాంటిదే ఒక నమూనా గది కట్టారు. అందులో ఒక ఉయ్యాల, ఉయ్యాలలో రబ్బరు బొమ్మ, గోడకి ఆనించిన కుర్చీ, కిటికీకి కర్టెన్, ఒక గడియారం. పైన మూలన కెమెరా.

ఆ గదిలో మనుషులకి పని లేదు. ప్రోగ్రామర్లు కోడ్‌లో ఒక్క వరుస మార్చినా చాలు, టెస్టింగ్ టూల్ తనంతట తానే లేస్తుంది. గదిలో దీపం ఆర్పుతుంది, వెలిగిస్తుంది, మోటారుతో కర్టెన్ జరుపుతుంది. కెమెరా చేత రెండు వందల ఫొటోలు తీయించి, ఒక్కొక్కదాన్నీ బేస్‌లైన్ పక్కన పెట్టి చుక్క చుక్కకీ పోలుస్తుంది. బేస్‌లైన్ అంటే గది ఎలా ఉండాలో ముందే ఒప్పుకుని పెట్టుకున్న ఫొటో. రెండూ కలిస్తే స్క్రీన్ మీద పచ్చగా 'తేడా లేదు' అని పడుతుంది. కలవకపోతే, తేడా ఉన్నచోట ఎర్రటి గీతతో డబ్బా గీసి చూపిస్తుంది.

తేడా వస్తుందని ముందే తెలిసిన చోట, గడియారం ముళ్ళలాంటి చోట, నల్లటి ముసుగు వేసి ఇక్కడ చూడకు అని టూల్‌కి చెప్పేస్తారు. నమూనా గది ఫొటో మీద ముసుగులు రెండున్నాయి. ఒకటి గడియారం మీద. రెండోది కుర్చీ మీద.

ఆ రెండోదే లెక్కలమ్మాయికి కంట్లో నలుసైంది. కుర్చీలో మారేదేముంది?

ముసుగు వేసింది బాబాయ్. టెస్టింగ్ విభాగంలో అందరికన్నా పాతకాపు, ఆఫీసంతటికీ బాబాయే.

"బాబాయ్ గారూ, కుర్చీ మీద ముసుగెందుకండీ?"

"ఏ కుర్చీ?" అన్నాడాయన. ఆ గదిలో ఉన్నది ఒక్కటే కుర్చీ. "ఓ, అదా! అక్కడ వెలుతురు సరిగ్గా పడదులే."

"నేను కొలిచానండీ. గదిలో ఎక్కువ వెలుతురు పడేది అక్కడే."

"కొలిచావా? ఏం తినిపించి పెంచారమ్మా నిన్ను!" నవ్వాడు గానీ, కళ్ళు నవ్వలేదు. "దాని జోలికి పోకు. ముందు కొత్త వెర్షన్ వెళ్ళనీ."

కెమెరాల్లో నడిచే ప్రోగ్రామ్ కొత్త వెర్షన్ వెళ్ళేది ఆ రోజే. ముందు ఆఫీసువాళ్ళ ఇళ్ళలో ఉన్న కెమెరాలకి, అక్కడ రెండు రోజులు బాగా నడిస్తే ఊరందరికీ. ఆ మొదటి ఇళ్ళలో లెక్కలమ్మాయి వాళ్ళ అక్క ఇల్లూ ఉంది. అక్క కూతురు ఏడు నెలల పిల్ల. ఆ ఉయ్యాలకి ఎదురుగా కెమెరా బిగించింది లెక్కలమ్మాయే. కెమెరాకి ఒక మూల సరిగ్గా కనిపించడం లేదనీ, బాబాయ్ ఆ లోపాన్ని నల్లగుడ్డ కింద తోసేశాడనీ ఆమె అనుమానం. ఎంత పెద్దవాడైతే మాత్రం, పాప నెత్తిమీదకొచ్చే సంగతి ఎలా వదిలేస్తుంది?

ఆ రోజు సెలవు. ఆఫీసులో వాళ్ళిద్దరే. బయట మధ్యాహ్నం నుంచీ వాన. బాబాయ్ టీ తాగొస్తానని కిందికి వెళ్ళాడు. లిఫ్టు తలుపు మూసుకున్న చప్పుడు వినిపించాక, లెక్కలమ్మాయి రెండో ముసుగు తీసేసి టెస్ట్ నడిపింది.

ఎర్ర డబ్బా పడింది. సరిగ్గా కుర్చీ చుట్టూ.

"దొరికారు బాబాయ్ గారూ" అనుకుంది.

ఫొటో పెద్దది చేసి చూసింది. ఖాళీ కుర్చీ. బేస్‌లైన్‌లోనూ ఖాళీ కుర్చీయే. కంటికి తేడా ఏమీ లేదు. అంకెలు తీసి చూస్తే మాత్రం, కుర్చీ దగ్గర ప్రతి చుక్కా ఒక పిసరు నలుపు ఎక్కువ. లెన్సు మీద దుమ్మయితే చుట్టుపక్కలా ఉండాలి. కెమెరా తడబాటైతే ఒక్కో ఫొటోలో ఒక్కో చోట ఉండాలి. ఇది అక్కడే ఉంది, కదలకుండా.

దానికి ఆమెకో ఉపాయం తెలుసు. సంతలో రెండు వందలమంది తలో మాటా అరుస్తుంటే ఏదీ వినపడదు. ఒకే మాట రెండు వందలసార్లు వస్తే మాత్రం అది పైకి తేలుతుంది. అలాగే రెండు వందల ఫొటోలూ ఒకదాని మీద ఒకటి పరిచి, సగటు కట్టి, తేడాని వందరెట్లు చేసింది.

స్క్రీన్ మీద మెల్లగా ఒక ఆకారం తేలింది.

కుర్చీలో ఎవరో కూర్చుని ఉన్నారు. వీపు ఇటు, ముఖం గోడకేసి.

ఆమెకి ముందు భయం వేయలేదు, ఒళ్ళు మండింది. ఎవరినో కూర్చోబెట్టి తీసిన పాత ఫొటో ఏదో ఇందులో కలిసిపోయి ఉంటుంది. లేదా కొత్త పిల్లని ఆటపట్టించడానికి బాబాయే ఏదో చేశాడు. తాళంచెవి తీసుకుని నమూనా గదికి నడిచింది.

తలుపుకి బయట తాళం ఉంది. తీసి లోపలికి వెళ్ళింది. తడిబట్ట మడతపెట్టి మర్చిపోతే వచ్చే వాసన. ఉయ్యాలలో రబ్బరు బొమ్మ పైకప్పుకేసి చూస్తోంది. కుర్చీ ఖాళీ. దాని వీపు గోడకి గట్టిగా ఆనుకుని ఉంది.

అప్పుడు తట్టింది ఆమెకి. ఆ కుర్చీలో గోడకేసి తిరిగి కూర్చోవాలంటే, మోకాళ్ళు ఎక్కడ పడతాయి? కుర్చీ వీపులోంచి, గోడలోంచి అవతలికి పోవాలి.

వంగి, కుర్చీ మీద చెయ్యి పెట్టింది. గదిలో ఏసీ చలికి ఉయ్యాల కడ్డీ కూడా మంచులా ఉంది. కుర్చీ చల్లగా లేదు.

టక్.

దీపం ఆరిపోయింది. ఎవరో ఇంటి నుంచి కోడ్ మార్చినట్టున్నారు, టూల్ లేచింది. కెమెరా చీకటి చూపుకి మారేటప్పుడు వచ్చే చప్పుడే అది... ఆమెకి తెలుసు. కర్టెన్ జరిగేది మోటారుతో... అదీ తెలుసు. ఉయ్యాలకి మాత్రం మోటారు లేదు.

కిర్రు... కిర్రు...

దీపం వెలిగేసరికి ఉయ్యాల కదలడం లేదు. ఆమె తాళం కూడా వేయకుండా తన సీటు దగ్గరికి వచ్చిపడింది. లెక్క సగంలో వదిలేసే అలవాటు ఆమెకి లేదు. టెస్ట్ మళ్ళీ నడిపింది. కొత్త ఫొటోలు పరిచింది. సగటు కట్టింది.

అదే ఆకారం. అదే కుర్చీ. వీపు లేదు.

ముఖం ఇటు తిరిగి ఉంది.

"తీసేశావా?"

ఉలిక్కిపడి చూసింది. వెనక బాబాయ్. చేతిలో టీ కప్పు పక్కకి ఒరిగి కారిపోతున్నా చూసుకోవడం లేదు.

"ఏంటండీ ఇది? మాకు కనపడకుండా ఎందుకు కప్పేశారు?"

"మీకు కాదమ్మా..." గొంతు బాగా తగ్గించాడు. "దానికి. చూసేవాళ్ళున్నారని తెలియనంతకాలం అలా గోడకేసి తిరిగి కూర్చునేది. దాని మానాన అది ఉండేది."

"ఎవరది?"

"ఏమో. బేస్‌లైన్ ఫొటో తీసిన మర్నాటినుంచీ ఉంది. పైవాళ్ళకి చెప్తే, నాకు సెలవు కావాలేమో అన్నారు." ఆమెను పక్కకి జరగమని, కుర్చీ మీద ముసుగు మళ్ళీ పరిచి టెస్ట్ నడిపాడు.

పచ్చగా పడింది. తేడా లేదు.

ఇద్దరూ ఊపిరి వదిలారు. ఆయన ముఖం తుడుచుకుంటూ, "ఇవాళ్టికి వెర్షన్ ఆపేద్దాం. రేపొచ్చి..." అని ఆగిపోయాడు.

స్క్రీన్ కింద ఒక గీత చకచకా నిండుతోంది. అదేంటో లెక్కలమ్మాయికి గుర్తొచ్చింది. వెర్షన్ వెళ్ళాల్సిన రోజు అన్ని టెస్టులూ పచ్చగా పడితే, ఎవరి వేలూ తగలకుండా టూలే వెర్షన్‌ని ఇళ్ళకి పంపేస్తుంది. ఆ ఏర్పాటు చేసింది తనే. పోయిన నెలలోనే, ఎవరూ అడక్కుండా.

గీత నిండిపోయింది.

అనుమానం వచ్చి ఆ పాత లెక్కనే మళ్ళీ వేసింది. ముసుగు టూల్ కళ్ళకే గానీ కెమెరా ఫొటోకి కాదు. కుర్చీ చోట అంకెలు చూసింది. ఒక్క పిసరు కూడా తేడా లేదు.

కుర్చీ నిజంగానే ఖాళీగా ఉంది.

వెంటనే అక్కకి ఫోన్ చేసింది. "అక్కా, పాపేది?"

"పడుకుందే. అవునుగానీ, ఏం కెమెరా ఇచ్చావే తల్లీ? ఇప్పుడే ఏదో అప్‌డేట్ అంది, ఫొటోలో ఉయ్యాల పక్కన నల్లగా అట్టముక్క అతికించినట్టు వస్తోంది."

ఇళ్ళకి వెళ్ళే యాప్‌లో ముసుగు అనేదే లేదు. అది టెస్టింగ్ టూల్‌లోనే ఉంటుంది. వెర్షన్‌తో బయటికి పోదు.

"ఎంత ఎత్తుందే ఆ నలుపు?"

"ఎత్తేంటి? బీరువా అంత ఉంది."

నమూనా గదిలో ముసుగు, మనిషి కూర్చుంటే పట్టేంత. ఇది... నిలబడితే పట్టేంత.

"అక్కా, పాపని తీసుకుని బయటికి రా."

"ఇప్పుడే పడుకోబెట్టానే! లేపితే నువ్వొచ్చి జోకొడతావా?"

ఫోన్ పెట్టేసి పరిగెత్తింది. అక్క ఇల్లు రెండు వీధుల అవతలే. వానలో ఎవరి గొడుగులకి గుద్దుకుందో, ఎవరేం తిట్టారో తెలియదు. గడపలో అక్క ఎదురై, "ఇదేం అవతారమే..." అంటుంటే తోసుకుని లోపలికి వెళ్ళింది.

గది తలుపు దగ్గరే ఆ వాసన తగిలింది. మడతపెట్టి మర్చిపోయిన తడిబట్ట.

పాప మేలుకునే ఉంది. ఏడవడం లేదు. కాళ్ళు కూడా ఆడించడం లేదు. ఉయ్యాల పక్కనున్న ఖాళీ గోడకేసి, తలెత్తి, పైకి చూస్తోంది.

లెక్కలమ్మాయి అటు చూడలేదు. పాపని లాక్కుని గుండెకి అదుముకుని హాల్లోకి వచ్చిపడింది. వెనకాల గదిలో కెమెరా... టక్.

పాప అప్పుడు కెవ్వున ఏడ్చింది. ఆ ఏడుపు వింటే ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

"హడలగొట్టి చంపావు కదే!" అక్క పాపని తీసుకుని భుజాన వేసుకుంది. రెండో చేత్తో ఫోన్ చూసి, "ఇదిగో, పోయింది నీ నలుపు. గది శుభ్రంగా కనిపిస్తోంది. దీనికా ఇంత రాద్ధాంతం?" అంది.

లెక్కలమ్మాయి ఫోన్ అందుకుంది. నిజమే, నలుపు లేదు. గోడ ఖాళీగా ఉంది. ఉయ్యాల ఖాళీగా ఉంది. దుప్పటి ఒక పక్కకి జరిగి ఉంది, ఆమె పాపని లాగినప్పుడు ఎలా జరిగిందో అలాగే.

కింద సన్నగా, పచ్చటి అక్షరాలు. ఈ యాప్‌లో ఎక్కడా లేని అక్షరాలు.

తేడా లేదు.

అక్క ఏదో అంటోంది, పాప ఏడుస్తోంది. లెక్కలమ్మాయి ఆ రెండు మాటలనే చూస్తూ నిలబడిపోయింది. ఆ మాటలు ఉత్తినే పడవు. ఎదురుగా మరో ఫొటో ఉండాలి. గది ఇలాగే ఉండాలని ముందే ఒప్పుకుని పెట్టుకున్న ఫొటో.

ఖాళీ ఉయ్యాలతో.