స్టీలు డబ్బాకు పోయిన అద్దాల లంగా

ఆ ఆదివారం పొద్దున చంపాపేట్‌లోని ఆ రెండు గదుల ఇంటి ముందు బేరం భలే రంజుగా సాగింది. పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే అండాలమ్మ నెలకోసారి వచ్చి గంప దించుతుంది. దించాక బాలలక్ష్మి ఊరికే వదిలే మనిషి కాదు. చిన్న గిన్నె ఇస్తానన్నదాని చేత మూతడబ్బా ఇప్పించుకునే దాకా గంప ఎత్తనివ్వలేదు. ఐదు కిలోల బియ్యం పట్టే డబ్బా! మంచం కింద పడి ఉన్న సంచెడు చింకిపాతలకు ఇంతకన్నా ఏం వస్తుందని లోలోపల మురిసిపోయింది.

కూతురు రమ్య తల తుడుచుకుంటూ వచ్చేదాకానే ఆ మురిపెం.

"అమ్మా, మంచం కింద నా సంచేదే?"

"గా చిరిగిన గుడ్డలా? అండాలమ్మకేసిన. గిదిగో, డబ్బా జూడు ఎంత మంచిగున్నదో!"

రమ్య చేతిలోని తువ్వాలు జారిపడింది. "అవి గుడ్డలు కావే! బోహో స్టైల్ బట్టలు, అద్దాలు, పూసలు, కుచ్చులున్నయి. మూడు నెల్లు దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్‌లు, పాత బట్టల దుకాణాలు తిరిగి ఒక్కొక్కటి ఏరి తెచ్చిన. పన్నెండింటికి ఎల్బీ నగర్ల అరుణజ్యోతి మేడంకు చూపియ్యాలె. షూటింగులకు బట్టలు కిరాయికిస్తది ఆమె. నచ్చితే నాకు కొలువు!"

బాలలక్ష్మికి తాను చేసింది తెలిసొచ్చింది. అయినా తప్పయిందని వెంటనే ఒప్పుకోవడం ఆమె వంశంలోనే లేదు.

"మంది విడిచినయి తొడుక్కునుడేంది బిడ్డా? బతికినోళ్లయో, సచ్చినోళ్లయో! మనకేం తక్కువైందని?"

"నీకు పరువే ముఖ్యం! నా బతుకు నీకు డబ్బా పాటి చెయ్యలే!"

ఆ మాట సూటిగా తగిలింది. బాలలక్ష్మి డబ్బా కింద పెట్టింది.

"పరువు గాదే. పదో తరగతి దాంక నేను పటేలింటి పిల్ల విడిచిన లంగాలే తొడిగిన. బడిల అందరి ముంగట గా పిల్ల 'గిది నాది' అని కుచ్చిళ్లు పట్టి గుంజేది. నా బిడ్డ ఒంటి మీదికి ఒకరి బట్ట రానియ్యనని గప్పుడే ఒట్టు పెట్టుకున్న."

ఇన్నేళ్లలో తల్లి ఈ సంగతి రమ్యకు ఎన్నడూ చెప్పలేదు. గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది. ముందు కదిలింది బాలలక్ష్మే. డబ్బా చంకన పెట్టుకుని చెప్పులేసుకుంది.

"నడువ్! దిల్‌సుఖ్‌నగర్ల కుప్ప వోసి ఏరుతరు పాత బట్టలోళ్లు. జర జల్ది పోతే దొరుకుతయి."

ఆటో దిగి సందులోకి పరుగెత్తేసరికి పాత బట్టల కుప్ప నడుమెత్తు ఉంది. డబ్బాను చూడగానే అండాలమ్మ మొహం మాడ్చుకుంది.

"వాపసు ఎట్లక్కా? సరే, నీయి గీ కుప్పల్నే కలిసినయి. ఏరుకో."

తల్లీకూతుళ్లు కొంగూ చున్నీ బిగించి దిగారు. "దొరికిందే!" అని రమ్య కేక వేసి అద్దాల లంగా పైకి లాగింది. తర్వాత పూసల జాకెట్టు, తర్వాత కుచ్చుల గౌను. ఒక్కొక్కటి దొరికినప్పుడల్లా ఇద్దరూ చిన్నపిల్లల్లా అరిచారు. గవ్వలు కుట్టిన దుపట్టా మాత్రం అప్పటికే ఎవరో కొనుక్కుపోయారు.

"అదే లంగాకు ప్రాణమమ్మా," అంటూ రమ్య నీరసంగా కూర్చుండిపోయింది.

అండాలమ్మకు జాలేసింది. మెరుపుల చున్నీ ఒకటి చాచింది. "గిది తీస్కో అక్కా, ఊకెనే ఇస్తున్న."

"నువ్వియ్యకు. నేను ఏరుకుంట," అంది బాలలక్ష్మి.

అన్నాక తనకే ఆశ్చర్యమేసింది. చిన్నప్పుడు పటేలింటివి, పెళ్లయ్యాక మొగుడు నగేశ్ పండక్కి తెచ్చినవి. తన బట్ట తాను ఏరుకున్నది ఏనాడూ లేదు. ఇక ఆమె చేతులు ఆగలేదు. నలిపి చూసింది, వెలుతురుకెత్తింది, అంచులు తిరగేసింది. అడుగున వెలిసిన ఎర్రచీర ఒకటి తగిలేసరికి ఆమె కళ్లు వెలిగాయి.

"ఇగ జూడే! అసలైన పోచంపల్లి నూలు! రెండు దిక్కుల రంగు ఒక్కతీరే ఉన్నది. చిన్నప్పుడు మగ్గాల కాడ నూలు కండెలు చుట్టిన చేతులే ఇవి, నాకు తెల్వదా? సగం చిరిగితే చిరగనీ, మిగిలిన సగం చాలదా నీకు?"

రమ్య దాన్ని అద్దాల లంగా మీదుగా భుజాన వేసుకుని గిర్రున తిరిగింది. "అమ్మా! నువ్వు మామూలు దానివి కాదే!"

డబ్బా అండాలమ్మ చేతిలో పెట్టేసి మెట్రో ఎక్కారు. దుకాణంలో అడుగుపెట్టేసరికి పన్నెండుకి ఐదు నిమిషాలు తక్కువ. అరుణజ్యోతి అన్నీ బల్ల మీద పరిచి చూసి, చివరికి ఆ ఎర్రచీర మీద చేయి ఉంచింది.

"భలే కలిపావమ్మాయ్! రేపట్నించి పన్లోకి వచ్చెయ్. ఈ చీర నీకెవరిచ్చారు?"

రమ్య జవాబు చెప్పబోయింది. బాలలక్ష్మి ఆమెను వెనక్కి జరిపి ముందుకొచ్చింది.

"ఎవ్వరియ్యలే మేడం. పాత బట్టల కుప్పల నుంచి నేనే ఏరిన."

గొంతు గట్టిగానే వచ్చింది, కళ్లే మాట వినలేదు. మేడం చూస్తోందన్న బిడియం కూడా లేకుండా రమ్య తల్లిని కావలించుకుంది.

"వచ్చే ఆయితారం మళ్ల పోదామే. ఈసారి నీకోసం."

బాలలక్ష్మి కొంగుతో మొహం తుడుచుకుంది.

"పొద్దుగాలనే పోవాలె. ఆలిశం జేస్తే మంచియన్ని మంది ఎత్కపోతరు."