గురువమ్మ పోసిన నీళ్లు

గనిలో రాత్రి షిఫ్టు ముగిసిందని సైరన్ సంగు మోగేసరికి గురువమ్మ పెట్టిన అండాలో నీళ్లు పొగలు కక్కుతుండాలి. మామ చెన్నప్ప మైను వదిలి పదకొండేళ్లయింది. అయినా పని దిగి పైకొచ్చే వేళకు ఒంటిమీద కాలేంత నీళ్లు పడితేనే దుమ్ము వదిలినట్టు ఆయనకు. వణుకుడు జబ్బు ఆయన మాటను సగం మింగేసింది. నీళ్లు చల్లగా ఉంటే కాలితో నేలను తన్నేవాడు. పిల్లల్లేని ఆ ఇంట్లో పగలంతా ఆమెకు తోడు ఆయనే.

ఆ పొద్దు చొక్కా విప్పగానే చెంబు పట్టిన ఆమె చెయ్యి ఆగిపోయింది. చేతుల మీద, తొడల మీద గట్టిగా ఉబ్బిన బొబ్బలు. లోపల తేట నీరు. నెలరోజులుగా ఆయన ఒళ్లు గోక్కుంటుంటే చెమటకాయలనుకుంది.

పదింటి బస్సుకు గౌనిపల్లి నుంచి ఆడబిడ్డ గంగులమ్మ వచ్చింది. తండ్రిని చూసి, నెత్తిమీది మామిడికాయల బుట్ట దించడం కూడా మరిచిపోయింది.

"ఏమే ఇది? మా నాయన్ని కాల్చినావా?"

"లేదొదినా. నిన్న ఇవి లేవు."

"నీళ్లు ఎట్ల పోస్తావు?"

గురువమ్మ అబద్ధం ఆడలేకపోయింది. "ఆయనకు వేడిగా ఉండాల. అట్లే పోస్తాను."

"ఇన్నావా రా ఓబలా? నోరు లేని మనిషిని ఉడకబెట్టిండాది! మా పాడి ఎనుముకు గూడా చెయ్యి పెట్టి చూసి పోస్తాను నేను."

మిల్లు నుంచి అప్పుడే వచ్చిన ఓబలప్ప భార్య వైపు చూడలేదు. "ఈ నాలుగు దినాలు అక్క ఈడే ఉండి పోస్తుంది నీళ్లు," అన్నాడు గోడకేసి చూస్తూ. "ఆమీట నాయన్ని గౌనిపల్లికి తీసకపోనీ."

ఆ తర్వాత గురువమ్మ వంటింట్లోనే ఉండిపోయింది. ఒక పొద్దు మామ తన చీర మీద సంగటి ఒలకబోసిన సంగతి గుర్తొచ్చింది. కోపం వచ్చిన మాట నిజం. ఆరోజు నీళ్లలో చెయ్యి పెట్టి చూసిందా? గుర్తు లేదు. గుర్తు తెచ్చుకునే కొద్దీ, చూడనట్టే స్పష్టంగా కనిపించసాగింది. అది తన భయం అల్లిన జ్ఞాపకమని తెలుసు. తెలిసీ నమ్మింది. ఎవరైనా వచ్చి, నువ్వు చెయ్యలేదు అంటే బాగుండుననిపించింది. ఎవరూ రాలేదు.

నాలుగో పొద్దు స్నానాల గది నుంచి గంగులమ్మ గొంతు సన్నగా వినిపించింది.

"గురువమ్మా, ఇట్ల రా."

చంకల్లో, పొట్ట మీద కొత్త బొబ్బలు. పాతవాటికంటే పెద్దవి.

"చన్నీళ్లే పోసినానే. ఇన్ని దినాలూ. నా బిడ్డల మీద ఒట్టు." గంగులమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "నన్ను నమ్ముతావు గదా?"

తాను ఎవరినీ అడగలేకపోయిన మాట అది. కావాలంటే ఎంత మాటైనా తిరిగి అనగలిగి ఉండేది గురువమ్మ.

"నమ్ముతాను వదినా. మామను పట్టుకో, కోలారుకు పోదాం."

చర్మం డాక్టరమ్మ ఒక బొబ్బ నుంచి ముక్క తీసి పరీక్షకు పంపింది. వారం తర్వాత చెప్పింది. "ఇది కాలింది కాదమ్మా. ఈయన ఒళ్లే తన చర్మాన్ని పరాయిదనుకొని దానిమీద పడతా ఉండాది. వణుకుడు, పక్షవాతం ఉండే ముసలోళ్లలో ఎక్కువ చూస్తాం. అంటుకోదు. మందు పూస్తా ఉంటే తగ్గుతుంది. నెలలు పడుతుంది, ఓపిక ఉండాల."

గంగులమ్మ అక్కడే బోరుమంది. గురువమ్మకు మాత్రం కన్నీళ్లు రాలేదు.

సాయంత్రం ఓబలప్ప వాకిట్లో నిలబడి అన్నాడు. "అక్క చెప్పింది. నీ తప్పేం లేదంట."

"మీరొక్క మాట నన్ను అడిగినారా?"

"అడిగింటే ఏం చెప్పేదానివి?"

"తెలీదనేదాన్ని. ఇన్ని దినాలు నాకే తెలీలేదు. పక్కన కూర్చోనుంటే చాలుండేది."

అతను ఆమె వెనకే తండ్రి మంచం దగ్గరికి వచ్చాడు. ఆమె మందు గొట్టం అతని చేతిలో పెట్టింది. "వీపు నేను పూస్తాను. కాళ్లు మీరు పూయండి."

తండ్రిని తాకి ఎన్నేళ్లయిందో ఓబలప్పకు గుర్తు లేదు. ముందు వేలి కొసతో, తర్వాత అరచేత్తో వణుకుతున్న కాలిని పట్టుకున్నాడు. "మంటగా ఉండాదా నాయనా?" ముసలాయన కొడుకు చేతిని చూశాడు. కాలు వెనక్కి తీసుకోలేదు.

రెండో కాలికి పూస్తూ ఓబలప్ప తల ఎత్తకుండానే అన్నాడు. "దినామూ ఇదంతా నువ్వొక్కదానివే చేస్తా ఉండావు."

గురువమ్మకు అప్పుడొచ్చాయి కన్నీళ్లు. రెండు చేతులకూ మందు అంటుకొని ఉంది. తుడుచుకోలేక అలాగే పూస్తుంటే, గంగులమ్మ వెనక నుంచి వచ్చి తన కొంగుతో ఆమె చెంపలు తుడిచింది.