హైమవతి సర్టిఫికెట్

అంగారకుడి మీద అరుణపురంలో గాలి కూడా కుళాయి నీళ్లలాగే గొట్టాల్లో ఇంటింటికీ వచ్చేది. ఊరంతటినీ కప్పిన గాజు గుమ్మటం కింద లేత గులాబీ వెలుతురు తేలుతుంటే, జనం సగం నిద్రలో ఉన్నట్టే తిరిగేవారు. ఆ గాలి ఎవరింటికి ఎంత వెళ్లాలో చెప్పే ప్రోగ్రాములను ఇరవై ఆరేళ్లుగా చూస్తున్నది హైమవతి. ఏ కంపెనీలోనూ చేరలేదు, ఫ్రీలాన్సర్. ఏ పరీక్షా రాయలేదు.

ఇప్పుడు రాయమన్నారు. సోమవారం నుంచి సర్టిఫికెట్ లేనివాళ్లు గాలి ప్రోగ్రాములు ముట్టుకోకూడదని నగర మండలి ఉత్తర్వు. ఆ పని పోతే హైమవతికి ఇంకేదీ చేతకాదు. చేతనైనా చెయ్యబుద్ధి కాదు.

"ఊరు ఊరంతా ఇరవై ఆరేళ్లుగా ఊపిరి పీలుస్తోంది. అది చాలదటమ్మా సర్టిఫికెట్టు?" అని పరీక్షా కేంద్రంలో శాంభవి మీద విరుచుకుపడింది. స్వప్నమాపకం అనే పరీక్ష యంత్రాన్ని కనిపెట్టిన శాస్త్రవేత్త శాంభవే.

"ఇందులో ప్రశ్నలుండవు మేడమ్. పడుకుంటే చాలు."

"పడుకుంటే పాసా? భలే బాగుందే!"

శాంభవి నవ్వి వివరించింది. చదివి నేర్చుకున్నది మెదడు పైపొరల్లోనే ఉంటుంది, చేసి నేర్చుకున్నది కలల్లోకి దిగుతుంది. తలకు చుట్టిన న్యూరల్ సెన్సర్లు ఆ కలను చదువుతాయి. కొత్తవాళ్ల కలలో ప్రోగ్రాం ఎప్పుడూ చక్కగా నడుస్తుంది. అనుభవజ్ఞుల కలలో అది ఒకప్పుడు ఎక్కడ ఆగిందో అక్కడే మళ్లీ మళ్లీ ఆగుతుంది. యంత్రం వెతికేది ఆ చోటునే.

"నా చేతిలో ఏదీ ఆగలేదు," అంది హైమవతి గబుక్కున.

పడుకుంది. కలలో గొట్టాలన్నీ గాజువి. వాటిలో గాలి లేత నీలంగా పారుతోంది. ఆ నీలం మీద తేలుతూ ఇళ్ల మీదుగా వెళ్లింది. ప్రతి కిటికీలోనూ దుప్పట్లు మెల్లగా లేచి దిగుతున్నాయి. ఎంత హాయిగా ఉందో! నాలుగో వీధిలో ఒక ఇంటి ముందు నీలం ఆగిపోయింది.

అది కోటిలింగం ఇల్లు. పంతొమ్మిదేళ్ల కిందట ప్రోగ్రాంలో తను ఒక షరతు రాయడం మరిచిపోయింది. పదకొండు నిమిషాలు ఆ ఇంటికి గాలి అందలేదు. లోపల ఒంటరిగా ఉన్న ఆయన భార్య సువర్చల బతికింది గానీ, జ్ఞాపకాలన్నీ పోయాయి. గాలి ఫిల్టరు మార్చడం తనే మరిచిపోయానని కోటిలింగం ఏడ్చాడు. హైమవతి ఆ లోపాన్ని గుట్టుగా సరిదిద్ది, ఆయన్ని అలాగే అనుకోనిచ్చింది.

మెలకువ వచ్చేసరికి చెంపలు తడిసి ఉన్నాయి. యంత్రం అప్పటికే సర్టిఫికెట్ అచ్చువేసింది. 'అత్యుత్తమ అర్హత. ఆధారం: నాలుగో వీధి, కోటిలింగం గృహం, పదకొండు నిమిషాలు. కారణం ప్రోగ్రాం లోపం. అటువంటిది మళ్లీ జరగలేదు.'

రెండుసార్లు చదివి గొంతు తగ్గించింది. "అమ్మాయ్, ఆ ఆధారం లైను తీసెయ్యకూడదూ? పోనీ 'కొద్ది నిమిషాలు' అని వెయ్యరాదూ?"

శాంభవి బీరువా తెరిచింది. నిండా సర్టిఫికెట్లు.

"పాసైనవాళ్లంతా ఇదే అడిగారు మేడమ్. కుదరదంటే వదిలేసి పోయారు. ఒక్కరూ పట్టుకెళ్లలేదు. సోమవారం నుంచి ఊరి గాలికి దిక్కెవరో నాకే తెలీడం లేదు."

హైమవతి పైనున్న కొన్ని పేర్లు చూసింది. అందరూ తను గొప్పవాళ్లనుకున్నవాళ్లే. సిగ్గేసింది. వాళ్ల మీద కోపం కూడా వచ్చింది. తన కాగితం చేతిసంచిలో పెట్టుకుని నేరుగా నాలుగో వీధికి నడిచింది.

కోటిలింగం తలుపు తీశాడు. వెనక కిటికీ దగ్గర సువర్చల బయటి వెలుతురు చూస్తూ కూర్చుని ఉంది.

"రామ్మా హైమా, టీ తాగుతావా?"

"వద్దన్నయ్యగారూ. ముందు ఇది చదవండి."

నిలబడే చదివాడు. తిడతాడని, తలుపు మొహాన వేస్తాడని ఆమె ఎదురుచూసింది. ఆయన తడబడుతూ కిటికీ దగ్గరికి వెళ్లి, భార్య ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"సువర్చలా! ఆ రోజు ఫిల్టరు మార్చానే. నేను మార్చానే!"

ఎవరో కొత్త చుట్టం పలకరించినట్టు, ఆవిడ మర్యాదగా నవ్వింది.