ఏడో ఫ్యూజు

వరప్రసాద్ ఒక్క నెలలో ఏడో ఫ్యూజు మాడ్చుకొని వచ్చేసరికి ప్రవీణకు ఒళ్లు మండింది.

"ఎర్ర క్లిప్పు ప్లస్సుకు, నల్ల క్లిప్పు మైనస్సుకు. గింత ముచ్చట యాదికుండదా?"

"నాకు ఉంటది. చేతులకే ఉండదు," అంటూ చార్జర్ బల్ల మీద పెట్టాడు.

మొయినాబాద్‌లో బాల్‌రాజ్ బ్యాటరీల దుకాణం అది. పాలిటెక్నిక్ చదివిన ప్రవీణ అక్కడ పనికి చేరి, తన చేత్తోనే చార్జర్లు కట్టడం మొదలుపెట్టింది. మొదటిది కొన్నవాడు ఈ జన్వాడ వరప్రసాద్. సాఫ్ట్‌వేర్ వాళ్లను హైటెక్ సిటీకి చేరవేసే సుమో నడుపుతాడు. బండి పాతది, బ్యాటరీ అంతకన్నా పాతది. మనిషి మాత్రం ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల, పెళ్లికి బయలుదేరినట్టు వస్తాడు. ఫ్యూజు కోసం.

ఒకసారి ప్రవీణ ఐదు ఫ్యూజులు పొట్లం కట్టి ఇచ్చింది. మర్నాడే ప్రత్యక్షమయ్యాడు.

"ఐదూ మాడినయా?"

"లేదు. పారేసుకున్న."

బాల్‌రాజ్ అన్నీ చూస్తూనే ఉన్నాడు. ఈ ఏడో ఫ్యూజుతో నోరు విప్పాడు. "బిడ్డా, మాల్ గిన్నిసార్లు వాపస్ వస్తే దుకాణం ఇజ్జత్ పోతది. ఇంకొక్కసారి వస్తే నీ చార్జర్లు బంద్. సిటీ నుంచి తయారు మాల్ తెప్పిస్త."

బంద్ అయితే ఇక బ్యాటరీల్లో నీళ్లు పోయడమే ఆమె పని. ఆ మధ్యాహ్నం అన్నం గిన్నె మూత కూడా తీయలేదు. చవకని ఫ్యూజూ డయోడూ పెట్టింది తనే. తీగలు తిరగేస్తే ఫ్యూజు మాడుతుంది, చార్జర్ బతుకుతుంది. బాగానే ఉంది గానీ, మాడినప్పుడల్లా మనిషి దుకాణానికి రావాలి కదా. అందుకని వాటిని పీకేసి రిలే పెట్టింది. క్లిప్పులు సరిగ్గా పెడితేనే అది టిక్కుమని కలుస్తుంది. తిరగేస్తే ఉలకదు, పలకదు. కరెంటు మితిమీరితే ఆపడానికి ఒక బ్రేకర్, మళ్లీ నొక్కుకోవడానికి దానికో బటన్.

"ఇగ ఎట్ల పెట్టినా ఏం కాదు. ఆగితే గీ బటన్ నొక్కుకో. మళ్ల వచ్చే పనే లేదు," అంది గర్వంగా.

"అసలే?"

"అసలే."

బయట వాన. వరప్రసాద్ చార్జర్‌ను చొక్కా కింద దాచుకొని, తల తడుపుకుంటూ, చావుకబురు విన్నవాడిలా వెళ్లిపోయాడు.

పది రోజులు రాలేదు. బాల్‌రాజ్ మెచ్చుకున్నాడు. ఆ మెప్పు ప్రవీణకు ఎందుకో చప్పగా తోచింది. రోడ్డు మీద ఏ సుమో ఆగినా ఆమె చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయేది.

పదకొండో రోజు వచ్చాడు, చంకలో చార్జర్‌తో. బాల్‌రాజ్ కుర్చీలోంచి లేచాడు. ప్రవీణ బల్ల దాటి ఎదురొచ్చింది.

"ఏమైంది?"

"ఏం కాలే. ఆరుసార్లు తిరగేసి పెట్టిన. ఉలకలే." వరప్రసాద్ చార్జర్ బల్ల మీద పెట్టాడు. "ఇగ నోటితోనే చెప్పాలె. గా ఏడు ఫ్యూజులు కావాలనే మాడ్చిన. నిన్ను చూద్దామని."

చేవెళ్ల నుంచి ట్రాక్టర్ బ్యాటరీ తెచ్చిన రైతు అంతయ్య, దాన్ని కింద దించి మరీ విన్నాడు.

"నా పని పోయేటిది, తెల్సా?" ప్రవీణ బాల్‌రాజ్ వైపు చెయ్యి చూపింది. "నాకు కాదు, బాల్‌రాజన్నకు చెప్పు."

వరప్రసాద్ అటు తిరిగాడు. "అన్నా, చార్జర్‌ల ఏ ఐబూ లేదు. ఐబు నాదే."

బాల్‌రాజ్ ఇంకా ఆలోచిస్తుండగానే అంతయ్య తేల్చేశాడు. "గీ పిలగాడు ఆరుసార్లు తిరగేసినా చెడలేదంటే, అసొంటిదే నాకొకటియ్యుండ్రి. మా ఇంట్ల ముగ్గురు కొడుకులున్నరు."

"కట్టియ్యి బిడ్డా," అన్నాడు బాల్‌రాజ్, కూర్చుంటూ.

ప్రవీణ స్క్రూడ్రైవర్ అందుకుంది. తలెత్తకుండానే అంది: "ఆదివారం చర్చి అయినంక సురంగల్‌ల మా ఇంటికి రా. బాపుతోని మాట్లాడు."

"ఏమని చెప్పాలె?"

"ఉన్నదే చెప్పు. ఫ్యూజులు కావాలని మాడ్చిన ముచ్చట తప్ప. మా బాపు లైన్‌మన్."