కుందేలు చెవుల టోపీ

నాకు విమానమంటే భయం, లిఫ్టంటే భయం, నీళ్ళంటే మరీ భయం. వీటన్నిటికంటే పెద్ద భయం ఒకటుంది. విజిట్ వీసా అయిపోయి మేము ఊరికి తిరిగి వెళ్ళేలోపు మా పాప వాళ్ళ నాయన చంకెక్కదేమోనని, ఒక్కసారైనా ఆయన్ను ‘నాయనా’ అని పిలవదేమోనని.

పాప పేరు వెంకటేశ్వరి. పిలిచేది ఈశు అని. నాకు మూడో నెల నడుస్తుండగా వాళ్ళ నాయన వీరేంద్ర కువైట్‌కు వెళ్ళాడు. వఫ్రాలో కీరకాయల తోటలో పని. మధ్యలో వీసా ఇచ్చిన యజమాని, అదే కఫీల్, మారడం, అక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు ఆలస్యం కావడంతో సెలవు దొరకలేదు. ఈశు బోర్లా పడడం, నడవడం, మాటలు నేర్వడం అన్నీ ఆయన ఫోన్లోనే చూశాడు.

ఎయిర్‌పోర్టులో ఆయన చేతులు చాపాడు. ఈశు నా చీర కుచ్చిళ్ళలో తల దాచుకుంది. ఆయన సంచిలోంచి గులాబీ రంగు టోపీ ఒకటి తీశాడు. పైన రెండు కుందేలు చెవులు. అది గబుక్కున లాక్కుని తలకు పెట్టుకుంది. టోపీ కళ్ళమీదుగా ముక్కుదాకా జారింది. పాప తల ఎంతుంటుందో ఫోన్లో ఏం తెలుస్తుంది?

టోపీని తీసుకుంది గానీ ఆయన్ను తీసుకోలేదు. నా చేతిలో ఫోను చూపించి, “నాకు హలో కావాల” అని ఏడ్చింది.

హలో అంటే వాళ్ళ నాయనే. మొగుణ్ణి పేరు పెట్టి పిలవకూడదని మా అమ్మ నాకు నేర్పింది. మరి ఏమని పిలవాలో నేర్పలేదు. ఫోనొచ్చిన ప్రతిసారీ నేను హలో అనేదాన్ని. ఈశు అదే ఆయన పేరనుకుంది.

పాపను అనడమెందుకు, నా సంగతీ అంతే. ఫోన్లో ఆయనతో పొయ్యిమీద పాలు పొంగిపోయేదాకా మాట్లాడేదాన్ని. ఎదురుగా వచ్చి నిలబడేసరికి, గడ్డం కాస్త పెరిగి, మెడ నల్లబడి, పొడుగ్గా ఉన్న ఈ మనిషెవరో అనిపించింది. ఆయన పరిస్థితీ అదే. ఫర్వానియాలో మాకోసం తీసుకున్న గదికి గురువారం సాయంత్రం కూరగాయల పికప్‌లో వచ్చేవాడు. వచ్చి గోడకానుకుని కూర్చుని, “బాగుండావా” అనేవాడు. నేను “బాగుండా” అనేదాన్ని. ఆ తర్వాత ఇద్దరం ఫ్యానును చూసేవాళ్ళం.

కాసేపటికి “ఉప్పు తెస్తా” అని కిందికి దిగేవాడు. మెట్ల దగ్గర నుంచి ఫోన్ చేసేవాడు.

“ఏమ్మే, ఈ పొద్దు నీలం చీర కట్టినావే.”

“ఇందాక ఎదురుగా కూర్చున్నప్పుడు నోరు పడిపోయిందా?”

“అప్పుడు నువ్వు చూస్తాంటివి గదా.”

అట్లా మెట్లమీద కూర్చుని చాలాసేపు మాట్లాడేవాడు. ఈశు ఫోను లాక్కుని తెరకు ముద్దులు పెట్టేది. ఆ ముద్దులన్నీ మూటగట్టుకుని ఆయన తలుపు తీసుకుని లోపలికి రాగానే, మళ్ళీ ఏడుపు. ఉప్పు మాత్రం గదిలో చాలా పోగయింది.

ఈ తమాషా అంతా చూసి నవ్వింది మా పెద్దమ్మ కూతురు పుష్పలతక్క. ఆమె సాల్మియాలో ఒక ఇంట్లో వంట చేస్తుంది. ఆ ఇంటి యజమానురాలు, అక్క ‘మామా’ అని పిలిచే ఆమె, పిల్లలతో కలిసి ఎక్కడో కరీబియన్ సముద్రంలో పెద్ద ఓడమీద తిరుగుతోంది. ఇంట్లో ముసలామె ఒక్కతే ఉండడంతో అక్కకు వచ్చే శుక్రవారం సెలవు దొరికింది. మాకదే ఆఖరి శుక్రవారం.

“ఇదో చూడు మే, మామా పంపించింది.” ఫోను నా ముందు పెట్టింది. ఓడ ఒక దీవి దగ్గర ఆగిందట. తెల్లటి ఇసుక, గొడుగులు, పడక కుర్చీలు, బల్లమీద కోసిపెట్టిన పండ్లు. “ఓడ ఆగేది ఒక్క పూట. దానికి ముందే ప్లాన్ రాసి పెట్టుకుందంట. గొడుగు యాడ, కుర్చీలెన్ని, ఎవరికేం తిండి, అంతా. మనం గూడా చేద్దాం. సాల్మియాలో సముద్రం లేదా ఏంది?”

“నీళ్ళ దగ్గరికా? నేను రానక్కా.”

“నువ్వు రాకపోతే పాప రాదు. పాప రాకపోతే మరిది మళ్ళా ఉప్పుకు పోతాడు.”

గోడకానుకుని కూర్చున్న ఆయన తల దించుకుని నవ్వాడు.

“గొడుగు మనకు లేదు గదా వదినా,” అన్నాడు.

“కీరకాయల తోటలో ఎండకు ఏం కడతారు?”

“షేడ్ నెట్.”

“అది తే. కుర్చీలకు టమోటా క్రేట్లు తే. పండ్లకు బదులు కీరకాయలు. మామా కంటే మనకేం తక్కువ? పార్వతీ, నువ్వు చిత్రాన్నం చెయ్యి. ఉప్పు ఎట్లాగూ ఉండాది.”

ఆ శుక్రవారం పొద్దున ఆయన తోటనుంచి పచ్చటి షేడ్ నెట్ చుట్ట, నాలుగు పైపులు భుజాన వేసుకుని, రెండు క్రేట్లు చేతబట్టుకుని వచ్చాడు. తలకు తుండుగుడ్డ. బస్సులో జనమంతా మమ్మల్నే చూశారు. నేను చిత్రాన్నం గిన్నెను ఒళ్ళో పెట్టుకుని, ఈశును గిన్నెమీద పెట్టుకుని, సముద్రం రాకుండా ఉంటే బాగుండునని మొక్కుకున్నాను.

వచ్చింది. కానీ నేననుకున్నంత భయంగా లేదు. నీళ్ళు ఎక్కడో దూరంగా, వెనక్కి జరిగి, పడుకున్నట్టు ఉన్నాయి. తడి ఇసుక చదునుగా పరుచుకుని ఉంది. మిగతా కుటుంబాలన్నీ పైన, గోడ పక్కన చాపలు పరుచుకున్నాయి.

“వాళ్ళెందుకు అంత దూరంగా కూర్చున్నారు?” అన్నాను.

“నీ మాదిరే భయస్తులు,” అన్నాడు ఆయన. ఎదురుగా నిలబడి నాతో అన్న మొదటి ఎగతాళి మాట అది. నాకు కోపం రావాలి. రాలేదు.

నీళ్ళకు పది అడుగుల దూరంలో నాలుగు పైపులు పాతి, షేడ్ నెట్ లాగి కట్టాడు. తోటలో పందిరి వేసే మనిషి కదా, ముడి వేస్తే కదలదు. మా ఊళ్ళో చెరువు ఎక్కడుంటే అక్కడే ఉంటుంది. వానలకు నిండుతుంది, ఎండలకు ఇంకుతుంది. మధ్యాహ్నం భోజనం వేళకు లేచి మనమీదికి రాదు. మా ఇద్దరికీ తెలిసిన నీళ్ళు అవే.

తిన్నాం. పుష్పలతక్క మామాకు ఫొటోలు పంపాలని సిగ్నల్ వెతుక్కుంటూ పైకి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ, “నేను వచ్చేలోపు ఒక మాటన్నా మాట్లాడుకోండప్పా,” అని అంటించింది. ఈశు పందిట్లో తిరగేసిన క్రేటుమీద కూర్చుని, చెంచాతో ఇసుక తవ్వుతోంది. మేమిద్దరం చెరో వైపు చూస్తూ కూర్చున్నాం.

“ఎల్లుండే గదా ఫ్లైటు,” అన్నాడు.

“ఊ.”

ఆయన జేబులోంచి ఫోను తీసి చేతిలో తిప్పాడు. చివరికి ఆయనే, “ఫోన్ చెయ్యనా?” అన్నాడు.

నవ్వొచ్చింది. “చెయ్.”

లేచి పందిరికి అవతలి వైపు వెళ్ళి, సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నాడు. నేను ఇవతల గోడ వైపు తిరిగి కూర్చున్నాను. మధ్యలో పాప. నా ఫోను మోగింది. చేతికి నూనె అంటుకుని ఉంటే స్పీకర్ పెట్టాను.

“హలో,” అన్నాను.

“నేనొకటి అడుగుతా, కోప్పడకూడదు. పాప నా దగ్గరికి రాలేదని నాకు బాధ లేదు. అది చిన్నది. నువ్వు రాలేదని ఉండాది.”

గొంతు చూస్తే నవ్వుతున్నట్టే ఉంది.

“నువ్వు పిలిచినావా?”

“ఏమని పిలవాల? ‘ఓయ్’ అంటే పక్కింటామెను పిలిచినాననుకుని నువ్వు ఎనక్కి చూసినావు.”

“పేరు లేదా నాకు?”

“పార్వతీ,” అన్నాడు. ఫోన్లోనూ వినబడింది, పందిరి అవతలినుంచీ వినబడింది. రెండు చెవుల్లో రెండుసార్లు. “ఇప్పుడు నువ్వు పిలువు.”

“పేరు పెట్టి పిలిస్తే ఆయుష్షు తగ్గుతాదంట.”

“ఎవురికి?”

“నీకే.”

“వఫ్రాలో ఎండకు తగ్గేది ఎట్లాగూ తగ్గుతాది. పిలువు.”

నేను నోరు తెరిచేలోపు నా కింద చల్లగా తగిలింది. పాప మంచినీళ్ళు ఒలకబోసిందనుకున్నాను. తిరిగి చూశాను. చుట్టూ నీళ్ళు. నా చెప్పు ఒకటి తిరుక్కుంటూ పోతోంది. చిత్రాన్నం గిన్నె తేలుతోంది. సంచిలోంచి కీరకాయలు ఒకదాని వెనక ఒకటి ఊరేగింపుగా బయల్దేరాయి. ఈశు క్రేటుమీద నిలబడి, టోపీని ముక్కుమీదినుంచి పైకి ఎత్తుకుని, చప్పట్లు కొడుతోంది. క్రేటు కాస్త కదిలింది.

నా కాళ్ళు కదల్లేదు. పాపకు నాకు మధ్య నాలుగడుగులు ఉంటాయేమో. ఆ నీళ్ళు మోకాలికైనా రావు. అయినా కదల్లేదు.

“వీరేంద్రా,” అని అరిచాను.

అమ్మ నేర్పింది ఒక్క అరుపులో పోయింది. గోడ పక్కన చాపలమీది వాళ్ళంతా తిరిగి చూశారు. ఆయన రెండు అంగల్లో వచ్చి ఈశును ఎత్తి భుజాలమీద కూర్చోబెట్టుకున్నాడు. ఫోనును చొక్కా జేబులో వేసుకుని, ఇంకో చేత్తో నా చెయ్యి పట్టుకున్నాడు. పెళ్ళిపీటలమీద పట్టుకున్న తర్వాత అందరిముందూ ఆయన నా చెయ్యి పట్టుకోవడం మళ్ళీ అప్పుడే.

ఈశు ఏడవడానికి నోరు తెరిచింది. అది చూసి నేనూ తెరిచాను.

“భయపడొద్దు తల్లీ, గట్టిగా పట్టుకో,” అన్నాడు ఆయన.

మా ఫోన్లు ఇంకా కట్ కాలేదు. నా చేతిలోంచి కూడా అదే గొంతు పలికింది. భయపడొద్దు తల్లీ, గట్టిగా పట్టుకో.

ఈశు నోరు మూసుకుంది. నా చేతిలో ఫోను చూసింది. కింద ఆయన తలను చూసింది. మళ్ళీ ఫోను చూసింది.

“ఇంకోసారి చెప్పు,” అన్నాను ఆయనతో, మెల్లగా.

“ఏమని?”

ఆ ‘ఏమని’ కూడా రెండు చోట్ల పలికింది. ఈశు వంగి ఆయన గడ్డం తడిమింది. ముక్కు తడిమింది. నోటిమీద చెయ్యి పెట్టి, మాట ఎక్కడినుంచి వస్తోందో చూసింది.

“హలో?” అంది.

“హలో,” అన్నాడు ఆయన.

“నువ్వా?”

“నేనే తల్లీ. మీ నాయన్ను.”

ఒడ్డుకు వచ్చేదాకా ఈశు ఆయన జుట్టు వదల్లేదు. గోడ దగ్గర ఒక ఈజిప్టు పెద్దాయన ప్యాంటు మడుచుకుని మా కీరకాయల్ని ఏరుకొచ్చి ఇచ్చాడు. ఇంకెవరో నా చెప్పు తెచ్చారు. ఆయన తుండుగుడ్డ మాత్రం దొరకలేదు. షేడ్ నెట్ నాలుగు ముడులూ ఊడకుండా నీళ్ళలో నిలబడి ఉంది, ముడి వేసిన మనిషిని చూసి నవ్వుతున్నట్టు.

పుష్పలతక్క పరుగెత్తుకుంటూ వచ్చింది. “మరిదీ, పది పాసయినావు గదప్పా. సముద్రం ముందుకొస్తాదని ఏ పుస్తకంలోనూ రాయలేదా?”

“ఉండింది వదినా. ఛాయిస్‌లో వదిలేసినా.”

“నువ్వు, పార్వతీ?”

“ఆ పాఠం రాకముందే నన్ను బడి మానిపించిరి గదక్కా.”

అక్క నడుం పట్టుకుని నవ్వింది. మేమూ నవ్వాం, ఒకరి మొహం ఒకరం చూసుకుంటూనే. ఆయన చెయ్యి ఇంకా నా చేతిలోనే ఉంది. ఇద్దరిలో ఎవరం వదల్లేదో నాకు తెలియదు.

“ఆయుష్షు ఎంత తగ్గించినావో లెక్క చూసుకో,” అన్నాడు నాకు మాత్రమే వినబడేట్టు. “అంత గట్టిగానా అరిచేది?”

“ఇంకోసారి పిలవమంటావా?”

“పిలువు. పోతే పోనీ.”

పైనుంచి ఈశు టోపీ తీసింది. తుండుగుడ్డ లేని ఆయన తలకు ఎండ తగులుతోందని చూసిందో ఏమో, ఆ టోపీని రెండు చేతులా ఆయన తలకు లాగి పెట్టింది. దానికి ముక్కుదాకా జారేది ఆయనకు సరిగ్గా పట్టింది.

“పెట్టుకో నాయనా,” అంది.

ఆయన మొహం సముద్రం వైపు తిప్పుకున్నాడు. వెనకనుంచి నాకు రెండు కుందేలు చెవులే కనిపించాయి. అవి కాస్త వణికాయి.

తిరిగి వచ్చే రోజు ఎయిర్‌పోర్టులో ఈశు టోపీ వెనక్కి తీసుకోలేదు. తోటలో రోజూ పెట్టుకోవాలని ఒట్టు వేయించుకుంది. ఇప్పుడు మేము రాయచోటిలో ఉన్నాం. రోజూ ఫోను రాగానే ఈశు హలో అనదు. “నాయనా, టోపీ పెట్టుకున్నావా?” అంటుంది. ఆయన పెట్టుకున్నానంటాడు. వీడియో పెట్టమంటే వఫ్రాలో సిగ్నల్ లేదంటాడు. అన్నం తిన్నావా అని నేనడిగితే తిన్నానంటాడు, కానీ ఆ ‘తిన్నా’ అనేది మరీ తొందరగా వస్తుంది. ఎదురుగా చూసినప్పటినుంచీ ఆ గొంతులో ఏది నిజమో ఏది కాదో నాకు తెలిసిపోతోంది. నా భయాల్లో ఇదొకటి కొత్తగా చేరింది.

అందుకని, ఇది చదివే మీలో ఎవరైనా కూరగాయలకో, పనిమీదో వఫ్రా వైపు వెళ్తే, కీరకాయల తోటల్లోకి ఒకసారి తొంగి చూడండి. పందిళ్ళ మధ్య గులాబీ రంగు కుందేలు చెవులు కనిపిస్తే అది మా ఆయనే. వీరేంద్రా అని పిలవండి, పలుకుతాడు. తిన్నాడో లేదో అడగండి. ఆయన చెప్పింది నమ్మకుండా, గిన్నె మూత తీసి చూసి నాకు చెప్పండి.