పురుగు లేని పొలానికి మందు

ఆస్పత్రి మంచం పక్కకు వచ్చిన ఇందుమతి పరామర్శతో కాదు, తిట్లతో మొదలుపెట్టింది.

“మాస్కు ఇచ్చిన, గ్లౌజులు ఇచ్చిన. ఏం చేసినవ్ వాటిని?”

“బీరువాలో దాచానండి,” అన్నాడు పృథ్వి. “మీరిచ్చినవి కదా, పాడైపోతాయని.”

మస్కి దగ్గర, ఆంధ్రా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల క్యాంపులో వరి పండించే కుర్రాడతను. రాయచూరు బజారులో ఇందుమతి వాళ్ల నాన్నకు పురుగుమందుల దుకాణం ఉంది. బయోకెమిస్ట్రీ చదివిన ఇందుమతి అక్కడే కూర్చుంటుంది. రెండేళ్లుగా పృథ్వి వస్తాడు, డబ్బా కొంటాడు, నేల చూపులు చూసి వెళ్లిపోతాడు. నిన్న మందు కొడుతూ పొలంలోనే పడిపోయాడు.

“నీ ఒంట్ల ఏమైందో ఎర్కనా? నరం కండకు ‘కదులు’ అని చెప్తది. చెప్పినంక ఆ మాటను ఆపేతందుకు ఒక ఎంజైము ఉంటది. మందు దాన్నే పట్టేసింది. ఆపేది లేక కండలన్నీ అదురుడే అదురుడు. నడిపేదొక్కటి ఉంటే సాలదు, బ్రేకు గూడ ఉండాలె. అసలు ఇప్పుడు పురుగే లేదు గద, ఎందుకు కొట్టినవ్?”

విరుగుడుగా ఎక్కించిన అట్రోపిన్‌తో పృథ్వి నోరు పిడచకట్టుకుపోయింది, గుండె పరుగెడుతోంది. తలకెక్కిన ఆ మందు మత్తులో మాట మాత్రం ఆగడం లేదు.

“పురుగు లేదండి. మిమ్మల్ని చూడాలంటే ఏదో ఒకటి కొనాలి కదా. కొన్న మందు కొట్టకపోతే అమ్మ ఊరుకోదు. మీరంటే నాకు ప్రాణమండి.”

ఇందుమతికి ఒళ్లు మండిపోయింది. రెండేళ్లుగా ఆ మాట కోసమే ఎదురుచూసింది. తీరా అది మత్తులో రావాలా?

“దిమాక్ ఉందా నీకు? నన్ను చూడనీకి విషం కొంటవా? మా దుకాణంల ఇత్తనాలు లేవా? గీ మాట నీది గాదు, ఆ మందుది. అది దిగినంక మా నాయన ముందర చెప్తే నమ్ముత.”

వారం తిరిగాక పృథ్వి దుకాణానికి వచ్చాడు, మాస్కు, గ్లౌజులు తొడుక్కుని మరీ.

“ఏ డబ్బా ఇయ్యాలె?” అన్నాడు నాన్న.

పృథ్వి ఎప్పటిలాగే నేల చూపులు చూశాడు. మందుతోపాటు ధైర్యమూ దిగిపోయిందని ఇందుమతి పళ్లు కొరుక్కుంది. ఏడుపొచ్చేంత కోపం వచ్చింది.

“డబ్బా వద్దండి,” అన్నాడు చివరికి. “మీ అమ్మాయిని చేసుకుంటానండి. ఒంట్లో మందేమీ లేదు, కావాలంటే నాడి చూసుకోమనండి.”

ఇందుమతి విసురుగా వచ్చి, గ్లౌజు లాగేసి, కుడి మణికట్టు పట్టుకుంది. నాడి ఆస్పత్రిలోకంటే జోరుగా ఉంది.

“ఇంకెంతసేపు చూస్తవ్ బిడ్డా?”

“లెక్క తప్పింది నాయనా. మళ్ల మొదలుపెట్టిన,” అంది కోపంగానే.

నాన్న ఇద్దర్నీ చూసి, దుకాణం వెనకే ఉన్న ఇంట్లోకి కేకేసి ఇంకో కంచం పెట్టమన్నాడు.

“గాని పిలగాడు అన్నం తినాలంటే, ఆ చెయ్యి ఇడవాలె గద బిడ్డా.”