మేబెల్ ఆంటీ లైన్‌లో ఉన్నారా?

“ఆ మేబెల్ ఆంటీని మీరు ఎప్పుడన్న కలిసిన్రా మేడమ్?”

ప్రశ్న వెనక వరుసలోంచి వచ్చింది. మైకు ముందు నిలబడిన హదస్సా అటు చూసింది. సన్నగా, పొడుగ్గా ఒక అబ్బాయి. వానలో వచ్చాడేమో, చొక్కా భుజాల దగ్గర ఇంకా ఆరలేదు. మెడలో పెద్ద అక్షరాలతో ‘యుగంధర్, జర్నలిస్టు’ అన్న కార్డు.

“ఫోన్‌లో రోజూ మాట్లాడేదాన్ని” అంది హదస్సా.

“ఫోన్ల సరే. ఎదురుంగ?”

“ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. చర్చికి రాలేరు.”

“మీరు పోవచ్చు గదా?”

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. హదస్సా చెవులు వేడెక్కాయి.

సికింద్రాబాద్‌లోని ఆ పాత మిషన్ కాలేజీలో ‘సంక్షోభ కాలంలో మతం, మీడియా’ మీద రెండు రోజుల సదస్సు. హదస్సాకు ఇదే మొదటి పేపరు. లాక్‌డౌన్‌లో చర్చి యూట్యూబ్‌కు ఎక్కినప్పుడు, బటన్ ఫోను తప్ప మరొకటి తెలియని ముసలమ్మలను, చర్చి పాత రిజిస్టర్లోని నంబర్లు చూసి, రోజూ సాయంత్రం కాన్ఫరెన్స్ కాల్‌లో కలిపి ప్రార్థన చేసింది తనే. ఆ కష్టకాలంలో మనవాళ్ళను మనమే కాచుకున్నామన్నది పేపరు సారాంశం. బాగున్నవాటిని పుస్తకంగా వేస్తారట.

ముందు వరుసలో ఆమె తండ్రి యేసుదాసు, రైల్వేలో గార్డుగా రిటైరైన మనిషి, పెళ్ళిళ్ళకు మాత్రమే బయటికి తీసే సూటు వేసుకుని కూతుర్ని వీడియో తీస్తున్నాడు. మౌలాలి కాలనీలో ఈ పేపరు సంగతి తెలియని ఇల్లు లేదు.

టీ విరామంలో హదస్సాయే అతని దగ్గరికి వెళ్ళింది.

“మీ ఉద్దేశం ఏంటండీ? నేను కట్టుకథ చెప్పాననా?”

“అయ్యో, గట్ల గాదు. సమోసా తీస్కోండి, వేడిగున్నయి.”

“నాకొద్దు.”

“తిట్టాలన్నా ఓపిక గావాలె గదా మేడమ్.”

రాబోయిన నవ్వును ఆమె బలవంతాన ఆపుకుంది. అతను గొంతు తగ్గించాడు.

“మీ పేపర్ల మేబెల్ ఆంటీ ఒక మాట అంటది. చర్చి మూసినా దేవుణ్ణి మూయలేదు అని. ఆమె చర్చి అనలే. ‘గుడి బందైతే అయింది, దేవుడు బందు గాలే’ అన్నది.”

హదస్సా చేతిలో కప్పు ఆగిపోయింది. నిజమే. పెద్దవాళ్ళు చర్చినే గుడి అంటారు కదా అని, ఇంగ్లీషులో రాసేటప్పుడు తనే మార్చింది.

“అది మీకెలా తెలుసు?”

“ఆ మాట అన్నది మా నాయినమ్మ. పేరు మేబెల్ గాదు, అనసూయమ్మ. మల్కాజ్‌గిరిల ఉంటది. కొత్త సిమ్ము నేనే ఇప్పిచ్చిన. ఆ నంబర్ అంతకుముందు ఎవరిదో ఏమో. మొదటి దినం మీరు ‘మేబెల్ ఆంటీ, లైన్‌లో ఉన్నారా?’ అన్నరు. ఆమె ‘ఉన్న’ అన్నది. గంతే.”

“కాదని చెప్పొచ్చుగా!”

“చెప్తే మీరు ఫోన్ పెట్టేస్తరు. ఇంట్ల ఆమె ఒక్కతే. నేను వార్తల కోసం దవాఖానల చుట్టు తిరుగుతున్న, ఆమెకు అంటుతదని వేరే రూమ్‌ల ఉన్న. సామాను గేటు కాడ పెట్టి నిలవడేటోన్ని. స్పీకర్ల మీ గొంతు వినవడేది. ‘మేబెల్ ఆంటీ మనవణ్ణి కాపాడు ప్రభువా’ అని.”

హదస్సా అతని ముఖంలోకి చూసింది. పేరు తెలియదు, ముఖం తెలియదు. వార్తాపత్రికలో పనిచేసే మనవడు అని మాత్రమే తెలిసి, ఎన్ని సాయంత్రాలు అతని ప్రాణం కోసం అడిగింది! ఆ ప్రాణం ఇప్పుడు ఎదురుగా నిలబడి, వేళ్ళకంటిన నూనెను రుమాలుకు తుడుచుకుంటోంది.

“ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?”

“ఏమని చెప్పాలె? ఈ సదస్సు వాళ్ళ పిలుపు కార్డుల మీ పేరు చూసి, సెలవు వెట్టి వచ్చిన. అందరి ముంగట అడగొద్దుండె. గొంతు వినంగనే ఆగలేకపోయిన, సారీ.” చుట్టూ ఒకసారి చూసి అన్నాడు. “నేనెవ్వరికీ చెప్పను. ఆ ఒక్క మాట తీసేయండి. పేపర్ మంచిగనే ఉంటది.”

హదస్సా పక్కకు వెళ్ళి తల్లికి ఫోన్ చేసింది.

“మేబెలా?” అంది ఆలిస్. “లాక్‌డౌన్‌కు చాలా ముందే కాకినాడ వెళ్ళిపోయిందిగా, కూతురి దగ్గరికి. నువ్వు రోజూ మాట్లాడుతుంటే అక్కడికే చేస్తున్నావనుకున్నా.”

“మమ్మీ! ఆవిడ ‘గిట్ల, గట్ల’ అంటుంటే నీకు అనుమానం రాలేదా?”

“వంటింట్లో నాకేం వినపడుతుందే? నీకు రావాలి అనుమానం!”

మేబెల్ ఆంటీ పూర్తిగా హైదరాబాదీ అయిపోయిందని అప్పట్లో మురిసిపోయింది తను!

మాట తీసేస్తే ఎవరికీ తెలియదు. పుస్తకంలో పేరు వస్తుంది. కానీ ఆ మాట లేకపోతే పేపర్లో ప్రాణం లేదు. ఉంటే, పేపరు చెప్పిందే అబద్ధం. అంతలో యేసుదాసు గర్వంగా వచ్చాడు.

“అమ్మా హదస్సా, రేపు పాస్టరు గారిని కూడా రమ్మన్నాను. ముగింపు సభలో నీ పేపరు గురించి చెబుతారటగా!”

తండ్రి అటు వెళ్ళగానే హదస్సా యుగంధర్ దగ్గరికి వచ్చింది.

“ఆ మాట తీయను. నా తప్పు దాచి నన్ను కాపాడాల్సిన పనిలేదు మీరు. రేపు అందరి ముందూ నేనే చెప్తాను, మీ నాయనమ్మ గారిని తీసుకురండి.”

“మీ డాడీ మస్తు ఆశ పెట్టుకున్నడు. ఆలోచించిన్రా?”

“ఆలోచిస్తే ధైర్యం చాలదు. అందుకే ఇప్పుడే చెప్తున్నా.”

మర్నాడు ముగింపు సభలో ఆమె చెయ్యెత్తి మైకు అడిగింది. తండ్రి వైపు చూడలేదు.

“నిన్న నేను చదివిన పేపర్లో తప్పుంది. నేను మేబెల్ గారనుకున్నావిడ మా చర్చి మనిషి కారు. ఆవిడ గుడి అంటే నేను చర్చి అని రాశాను. అడక్కుండా రాశాను.”

అధ్యక్షుడు ప్రొఫెసర్ హేమచంద్ర కళ్ళద్దాలు తీశారు. “అంటే మీ వాదనే పడిపోయిందిగా అమ్మా?”

“పడిపోయింది సర్. మనవాళ్ళు అన్న మాటకు నేను మరీ చిన్న గీత గీశాను. సరిచేసి మళ్ళీ రాస్తాను. మీరు వేసుకున్నా, వేసుకోకపోయినా.”

వెనక నుంచి ఒక ముసలావిడ మనవడి చెయ్యి విదిలించుకుని మైకు దగ్గరికి వచ్చేసింది.

“ఈ పిల్ల తప్పేం లేదు సారూ. ఉన్న అన్నది నేనే. ఆ దినాలల్ల ‘ఉన్నవా’ అని రోజు అడిగేటోళ్ళు ఎవరున్నరు? ఎవరి పేరు వెట్టి అడిగితేంది?” అంది అనసూయమ్మ. “నేను మా మల్లన్నకు మొక్కిన. ఈమె యేసయ్యను అడిగింది. ఎవరు కాపాడిన్రో నాకు తెల్వది గని, వీడైతే ఉన్నడు. అగో, నిలవడ్డడు సూడుండ్రి!”

హాలంతా నవ్వుతూనే చప్పట్లు కొట్టింది. “ఆ రెండో పేపరే మాకు పంపించండి. ఎదురుచూస్తాం” అన్నారు హేమచంద్ర.

వరండాలో వాన జల్లు కొడుతోంది. యుగంధర్ ఆమె పక్కన వచ్చి నిలబడ్డాడు.

“ఒక మాట చెప్పాల్నా?”

“చెప్పండి. అందరి ముందూ కాకపోతే చాలు.”

“లాక్‌డౌన్ ఎత్తేసిన్నాడు ఊరంత సంబురపడ్డది. మీ ఫోన్ బందైందని నేనొక్కన్నే పరేషాన్ అయిన. ముఖం తెల్వని పిల్ల మీద గింత ప్రేమేందిరా అని నన్ను నేనే తిట్టుకున్న.”

“ఇప్పుడు ముఖం తెలిసిందిగా. తగ్గిందా?”

“యాడిది! ఎక్కువైంది.”

హదస్సా వానలోకి చెయ్యి చాపి, తడిచేతిని తీరిగ్గా చూసుకుంది. “నాకు నిన్నటి నుంచే షురూ అయింది” అంది. అతని భాషలో.

అవతల స్తంభం దగ్గర యేసుదాసు బెంగళూరులో ఉన్న కొడుకుతో వీడియో కాల్ మాట్లాడుతున్నాడు. ఆయన గొంతు వరండా అంతా వినపడుతోంది.

“ఒరేయ్ జెఫ్రీ! మీ అక్క అంతమంది ముందు నిలబడి, నేను రాసింది తప్పు అని చెప్పిందిరా! పాస్టరు గారి ముందే! ఎంత చదివితే వస్తుందిరా ఆ ధైర్యం? ఇదిగో, అక్కను చూపిస్తా ఉండు...”

ఫోను అటు తిప్పాడు. భుజాలు తగిలేంత దగ్గరగా నిలబడ్డ ఇద్దరూ గబుక్కున ఎడమయ్యారు.

“డాడీ, అక్క పక్కన ఎవరు?” అన్నాడు జెఫ్రీ.

యేసుదాసు కూతుర్ని చూశాడు. ఆ అబ్బాయిని చూశాడు. కుర్చీలో కూర్చుని టీ ఊదుకుంటున్న అనసూయమ్మను చూశాడు. సూటు సర్దుకుని గొంతు సవరించుకున్నాడు.

“మన మనిషేరా” అన్నాడు.